చేతికొచ్చిన వెన్నుపూస శిలాజం ఎవరిది: తిమింగలమా, డాల్ఫినా, సముద్రపు ఆవా?

రెండేళ్ల కిందట మా చెల్లెలు ఫ్లోరిడా నుంచి వస్తూ, సూట్‌కేసులో తువ్వాలు చుట్టి ఒక నల్లటి ఎముక తెచ్చింది. అక్కడ పీస్ రివర్ అనే నదిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, జల్లెడ పట్టి తీసిందట. దానికి ఏడాదికి 5 డాలర్ల పర్మిట్ కూడా కట్టింది. "అన్నా, తిమింగలం వెన్నుపూస" అని నా చేతిలో పెట్టింది. పిడికిలి కంటే కాస్త పెద్దగా ఉంది, బరువు మాత్రం ఆ సైజుకు మించి ఉంది. నేనూ నమ్మాను. 'తిమింగలం' అని చీటీ రాసి అద్దాల బీరువాలో పెట్టాను, హబ్సిగూడలో మా ఇంటికి వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పాను.

అది తిమింగలానిది కాదు. ఆ సంగతి తేలడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఈ ఏడు నెలల్లో నేర్చుకున్నది ఇంకొకరికి ఒక సాయంత్రంలో అందాలని ఇది రాస్తున్నాను. మన ఊళ్లో ఇలాంటి పూసలున్న ఇళ్లు తక్కువేం కాదు. కొందరికి అమెరికాలోని బంధువులు తెచ్చిస్తారు, కొందరు ఆన్‌లైన్‌లో కొంటారు, ఇంకొందరు కచ్ యాత్రకు వెళ్లి ఫొటోలు తీసుకొస్తారు.

ఏది ముందు చూడాలి

పూస మధ్యలో దుంగలా ఉండే భాగం సెంట్రమ్. దాని మీద కమాను, కమాను కింద వెన్నుపాము వెళ్లే దారి. కమాను నుంచి పైకి ఒక ముల్లు, పక్కలకు రెండు రెక్కలు. నదిలో దొర్లిన శిలాజాల్లో ముల్లూ రెక్కలూ విరిగిపోయి తరచుగా సెంట్రమ్ ఒక్కటే మిగులుతుంది. కాబట్టి దాన్ని చదవడం రావాలి.

మొదట చూడాల్సింది దాని రెండు మొహాలు, అంటే ముందు పూసకూ వెనక పూసకూ ఆనే వైపులు. పాలిచ్చే జంతువుల్లో ఇవి చాలావరకు చదునుగా ఉంటాయి. ఇంకో గుర్తు కూడా ఉంది. పెరిగే వయసులో ఒక్కో మొహం మీద ఒక్కో పలుచని ఎముక బిళ్ళ విడిగా ఉండి, జంతువు ఎదిగాక సెంట్రమ్‌కు అతుక్కుంటుంది. ఆ బిళ్ళను ఎపిఫిసిస్ అంటారు. అతుక్కోకముందే జంతువు చనిపోతే బిళ్ళ ఊడిపోతుంది, మొహం మీద సైకిల్ చక్రం ఊచల్లా అంచు వైపు పరుచుకున్న గాళ్లు మిగులుతాయి. ఆ గాళ్లు కనిపిస్తే పాలిచ్చే జంతువేనని నేను ధైర్యంగా చెబుతాను.

ఇది చదివి ఊరుకోకండి, ఇంట్లో చేసి చూడండి. రామ్‌నగర్ చేపల మార్కెట్లో పెద్ద బొచ్చె నడుము ముక్క ఒకటి తీసుకోండి. మటన్ షాపులో లేత పొట్టేలు వీపు ఎముక నిలువునా చీల్చకుండా ఇమ్మనండి. రెండూ బాగా ఉడికించి, కండ తీసి, కడిగి పక్కపక్కన పెట్టండి. చేప పూసకు రెండు వైపులా గుంటలే, రెండు చిన్న గిన్నెలను అడుగులు కలిపి అతికించినట్టు. లేత పొట్టేలు పూస నుంచి పలుచని బిళ్ళలు వాటంతటవే ఊడి వస్తాయి, కింద ఊచల గాళ్లు కనిపిస్తాయి. మా మనవరాలికి నేను నేర్పింది ఇలాగే. ఒక జాగ్రత్త: గర్దన్ ముక్క మాత్రం తీసుకోకండి. మేక, గొర్రె, గుర్రం, ఆవు లాంటి వాటి మెడ పూసలకు ముందు వైపు గుండు, వెనక వైపు గుంట ఉంటాయి. వాటిని చూస్తే ఇప్పుడు చెప్పిందంతా తారుమారైనట్టు అనిపిస్తుంది.

రెండోది విరిగిన అంచు. నగల దుకాణాల్లో వాడే 10 రెట్ల లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూస్తే లోపల స్పాంజిలా ఉందా, గట్టిగా నిండి ఉందా తెలుస్తుంది. చేత్తో తూచి చెప్పడం కంటే ఇది మేలు. ఎంత తేలికైన ఎముకైనా ఖనిజం నిండితే బరువెక్కుతుంది.

మూడోది, పూస శరీరంలో ఏ చోటిది అన్నది. పక్కెముక ఆనిన నున్నటి గుంటలు పక్కల మీద ఉంటే ఛాతీ పూస. గుంటలు లేకుండా పక్కలకు పొడవాటి రెక్కలుంటే నడుముది. అడుగు భాగాన ముందూ వెనకా జంటలుగా చిన్న బొడిపెలుంటే తోకది.

నాలుగోది కొలత: పొడవు, వెడల్పు, ఎత్తు మిల్లీమీటర్లలో. విడి అంకెల కంటే వాటి నిష్పత్తి ముఖ్యం. ఐదోది దొరికిన చోటు, దొరికిన పొర. ఉత్త సైజును మాత్రం అన్నింటికంటే చివర పెట్టండి. నేను మొదట చూసిందే సైజు, పొరపాటు అక్కడే మొదలైంది.

| ఎవరిది | రెండు మొహాలు | లోపలి ఎముక | పట్టిచ్చే గుర్తు | ఎక్కడ పొరబడతాం |
|---|---|---|---|---|
| తిమింగలం | చదును, ఊచల గాళ్లు | స్పాంజిలా, పైపొర పలుచన | గుండ్రటి పెద్ద సెంట్రమ్. తోక పూసల్లో పై నుంచి కిందికి రంధ్రాలు | ఏనుగు జాతి పూసలతో |
| డాల్ఫిన్ | చదును | స్పాంజిలా | చిన్నది, అవే తిమింగలం లక్షణాలు | పిల్ల తిమింగలంతో |
| సముద్రపు ఆవు (డుగాంగ్, మనాటీ) | చదును | దట్టం | ముందు నుంచి చూస్తే హృదయాకారం, మందమైన కమాను | తిమింగలంతో |
| సీల్ | చదును | మధ్యస్థం | నేల మీది మాంసాహారి పూసలా, ఒకదానికొకటి పట్టుకునే కీళ్లు | కుక్క, ఎలుగు లాంటి వాటితో |
| సొరచేప | రెండు వైపులా గుంట | పలుచని పొరలు | చెట్టు మోడులో లాంటి వలయాలు | ఇక్థియోసార్‌తో (డైనోసార్ల కాలపు, చేపలాంటి సముద్ర సరీసృపం) |
| పాము, మొసలి | ముందు గుంట, వెనక గుండు | గట్టిది | గుండూ గుంటా జత | పెద్దవైతే దేనితోనైనా |

తిమింగలం

తిమింగలం పూసల్లో అన్నిటికంటే సులువుగా తెలిసేవి తోకవి. అడుగున బొడిపెలు, రక్తనాళాలు వెళ్లడానికి నిలువుగా దూసుకుపోయిన రంధ్రాలు కనిపిస్తాయి. తోక రెక్కలోకి వెళ్లాక కమాను, పక్క రెక్కలు మాయమై, ఎత్తు కంటే వెడల్పు ఎక్కువున్న చిన్న దిమ్మెలు మిగులుతాయి. అలాంటిది దొరికితే చాలామంది రాయి అనుకుని వదిలేస్తారు. మెడ పూసలు దీనికి పూర్తిగా వేరు. మెడ కురచబడడంతో అవి పళ్ళాల్లా పలుచగా అణిగిపోయి ఉంటాయి. రైట్ వేల్‌లో ఏడూ ఒకే ముద్దగా కలిసిపోతాయి. స్పెర్మ్ వేల్‌లో మొదటిది విడిగా ఉండి మిగతా ఆరూ అతుక్కుంటాయి.

వయసు విషయంలో ఒక మాట. తిమింగలాల్లో ఎపిఫిసిస్ బిళ్ళలు మెడ వైపు నుంచి, తోక వైపు నుంచి అతుక్కుంటూ వచ్చి, నడిమి వీపులో చివరగా అతుక్కుంటాయి. అందుకే జానెడు వెడల్పున్న పూసకు కూడా బిళ్ళ ఊడిపోయి ఉండవచ్చు. అది పిల్లది కానక్కర్లేదు.

పాత తిమింగలాల దగ్గరికొస్తే నిష్పత్తి పనికొస్తుంది. ఈజిప్ట్‌లోని వాదీ అల్ హితాన్ ఎడారిలో బాసిలోసారస్, డొరుడాన్ రెండూ దొరుకుతాయి. బాసిలోసారస్ నడుము పూసలు వెడల్పు కంటే బాగా పొడవుగా, చెక్క మొద్దుల్లా సాగి ఉంటాయి. డొరుడాన్‌వి అలా సాగవు. ఒకే ఎడారి, ఒకే కుటుంబం, అయినా స్కేలు పెట్టి కొలిస్తే తేడా తెలిసిపోతుంది. ఆ బాసిలోసారస్ పేరులోనే ఒక పొరపాటు దాగి ఉంది. 1834లో రిచర్డ్ హార్లన్ అమెరికాలో దొరికిన పెద్ద పూసను చూసి సముద్రపు సరీసృపం అనుకుని 'బల్లి రాజు' అనే అర్థంతో ఆ పేరు పెట్టాడు. 1839లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దాని పళ్ళకు రెండేసి వేళ్లుండటం చూసి, ఇది పాలిచ్చే జంతువని తేల్చాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం వల్ల ఆ పేరు అలాగే నిలిచిపోయింది. అంతటి నిపుణుడు కూడా పూసల దగ్గర పొరబడ్డాడని గుర్తుంచుకుంటే, ఒక్క ఎముక మీద ఎంత బరువు పెట్టవచ్చో అర్థమవుతుంది.

డాల్ఫిన్

గుర్తులన్నీ తిమింగలానివే, కొలత చిన్నది. ఇప్పటి సముద్ర డాల్ఫిన్ల నడుము పూసలు సంఖ్యలో ఎక్కువ, ఒక్కొక్కటి పొట్టిగా బిళ్ళలా ఉంటుంది. మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి) పాత డాల్ఫిన్లలో కాస్త పొడవుగా ఉండేవి చాలా ఉన్నాయి. చిన్న పూస దొరికినప్పుడు బిళ్ళలు అతుక్కున్నాయో లేదో చూడండి. అతుక్కుని, గీత కూడా కనబడకపోతే అది ఎదిగిన జంతువు. ఆ సైజులో ఎదిగింది అంటే డాల్ఫిన్ లాంటి చిన్న జాతి. ఊడిపోయి ఉంటే పెద్ద తిమింగలం పిల్ల కావచ్చు, అప్పుడు రెంటినీ రాసుకోవాలి.

సముద్రపు ఆవు

నా చేతిలోది ఇదే. డుగాంగ్, మనాటీ ఈ వర్గంలోవి, వీటిని సైరేనియన్లు అంటారు. గడ్డి మేయడానికి లోతు తక్కువ నీళ్లలో అడుగున ఉండాలి కాబట్టి వీటి ఎముకలు లంగరులా దట్టంగా ఉంటాయి. పక్కెముకలైతే విరిచినా లోపల స్పాంజి కనిపించదు, దంతంలా నిండుగా ఉంటాయి. పూసలు అంత కాకపోయినా తిమింగలం పూసల కంటే బాగా చిక్కన. ముందు నుంచి చూస్తే ఛాతీ పూస సెంట్రమ్ గుండె ఆకారంలో, పైన వెడల్పుగా కింద సన్నబడుతూ ఉంటుంది. కమాను మందం.

ఇంకొక లెక్క ఇక్కడ పనికొస్తుంది. డుగాంగ్‌కు ఛాతీ పూసలు 18, 19 దాకా ఉంటాయి, నడుమువి నాలుగైదే. అంటే వీపు భాగం నుంచి ఒక పూస దొరికితే దాని మీద పక్కెముక గుంటలు ఉండే అవకాశమే ఎక్కువ. నా ఎముకకు రెండు పక్కలా ఆ గుంటలున్నాయి. వెడల్పు 81 మి.మీ., ఎత్తు 62, పొడవు 54. విరిగిన రెక్క మొదట్లో లూప్ పెట్టి చూస్తే స్పాంజి దాదాపు లేదు. పైగా పీస్ రివర్‌లో సముద్రపు ఆవు పక్కెముక ముక్కలు కుప్పలుగా దొరుకుతాయని మా చెల్లెలే చెప్పింది, ఆ మాటను నేను ఏడు నెలలు పక్కన పెట్టాను. గుర్తులన్నీ ఒకే వైపు చూపిస్తుంటే నేను సైజు వైపు చూశాను.

అయితే 'బరువుంటే సముద్రపు ఆవు' అని సూత్రం కట్టేయకూడదు. 2023లో పెరూ నుంచి ప్రకటించిన పెరుసెటస్ అనే పాత తిమింగలం ఎముకలు కూడా అలాగే చిక్కగా, ఉబ్బి ఉన్నాయి. దొరికిన 13 పూసల్లో ఒక్కొక్కటి 100 కిలోలు దాటుతుంది. చిక్కదనం అలవాటును చెబుతుంది, కుటుంబాన్ని చెప్పాలంటే ఆకారం కూడా కలవాలి.

సీల్, ఇంకా మోసపుచ్చేవి

సీల్ పూసలు చూడటానికి నేల మీది మాంసాహారి జంతువు పూసల్లాగే ఉంటాయి. త్రికం, అంటే నడుము కింద కలిసిపోయిన పూసల ముద్ద, ఇప్పటి తిమింగలాలకు ఉండదు, సీల్‌కు ఉంటుంది. మన తీరాల్లో సీల్స్ నివసించవు కాబట్టి కాలిఫోర్నియా, యూరప్ నుంచి వచ్చిన ఎముకైతేనే ఈ అనుమానం పెట్టుకోండి.

సొరచేప పూస తేలిక. రెండు వైపులా గుంట, వలయాలు, పక్కల్లో కమాను దిగిన చోట జంట గుంటలు. ఇక్థియోసార్ పూస కూడా రెండు వైపులా గుంటే, మందపాటి బిళ్ళలా ఉంటుంది, పక్కెముకలు ఆనే బొడిపెలు పక్కల మీద కనిపిస్తాయి. నాకు ఎక్కువ కష్టమనిపించింది ఏనుగు జాతి. మామత్, మాస్టోడాన్ ఛాతీ పూసల సెంట్రమ్ చదునుగా, పొట్టిగా, బిళ్ళలు ఊడి ఉంటే చాలావరకు తిమింగలంలాగే కనిపిస్తుంది. అంచుల్లో ముందూ వెనకా సగం సగం పక్కెముక గుంటలున్నాయేమో వెతకండి. ఫ్లోరిడా నదుల్లో ఇవీ దొరుకుతాయి.

'కచ్‌లో దొరికింది' అంటే సరిపోదు

ఇది మన దేశం సంగతి కాబట్టి కాస్త ఆగుతాను. గుజరాత్ కచ్ జిల్లాలో ఒక్కచోటే ఇవన్నీ బయటపడ్డాయి:

జురాసిక్ పొరల్లో ఇక్థియోసార్. ఢిల్లీ యూనివర్సిటీకి చెందిన గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్ బృందం 2017లో దాదాపు పూర్తి అస్థిపంజరాన్ని ప్రకటించింది. దాని వయసు సుమారు 15 కోట్ల ఏళ్లు.

ఈయోసీన్ పొరల్లో, అంటే 4 కోట్ల ఏళ్ల పైమాట, నడక మరిచిపోని తొలి తిమింగలాలు: కచ్చిసెటస్, రెమింగ్టనోసెటస్ లాంటివి. వీటికి త్రికం ఉంటుంది, కచ్చిసెటస్ తోక పూసలు పొడవుగా సాగి ఉంటాయి. కాబట్టి 'త్రికం ఉంటే తిమింగలం కాదు' అని ఇప్పుడే పైన నేర్చుకున్నది ఇక్కడ పనిచేయదు.

అదే ఈయోసీన్‌లో పానంధ్రో లిగ్నైట్ గనిలో వాసుకి ఇండికస్ అనే భారీ పాము. 27 పూసలు దొరికింది 2005లో. మొదట మొసలివి అనుకున్నారు. ఐఐటీ రూర్కీకి చెందిన దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ 2024లో పామని ప్రకటించి, పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని అంచనా వేశారు.

మయోసీన్ పొరల్లో సముద్రపు ఆవులు: భారతీసైరెన్, కచ్చిసైరెన్, డోమ్నింజియా.

ఒక్క జిల్లాలో ఇన్ని ఉన్నప్పుడు, ఊరి పేరు రాస్తే చాలదు. ఏ పొర, ఆ రాయి రంగేమిటి, పక్కన ఏ గవ్వలున్నాయి అన్నవే ఎముకకు సగం గుర్తింపు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది, విడి పూస అలా చెప్పదు.

మీరు ఏ రకం వాళ్లు?

దొరికిన చోటు ఖచ్చితంగా తెలిసినవాళ్లు అదృష్టవంతులు. ఆ చోట ఏ కాలపు పొరలున్నాయో ముందు చదివి, సాధ్యమయ్యే జంతువుల జాబితా రాసుకుని, ఆ తర్వాతే ఎముకను చూడండి. పొరలోంచే తీసిందైతే ప్రజాతి పేరు దాకా వెళ్లే ఆశ ఉంటుంది. నది గులకల్లో దొరికిందైతే వేర్వేరు కాలాల ఎముకలు కలిసిపోయి ఉంటాయి, అక్కడ కుటుంబం దగ్గర ఆగడం నిజాయితీ.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు చీటీ మీది పేరును పక్కన పెట్టి మొదటి నుంచి చూడండి. చోటు తెలియని పూసకు 'పాలిచ్చే సముద్ర జంతువు, తోక పూస' అని రాస్తే అదే మంచి ఫలితం. పిండి కొద్దీ రొట్టె. పాలిష్ చేసిన పూస అయితే ఊచల గాళ్లు, బొడిపెలు అరిగిపోయి ఉంటాయి కాబట్టి కొనకముందే ఆలోచించుకోండి. నేనైతే విరిగినా పాలిష్ చేయనిదే కొంటాను.

కచ్ వెళ్లే విద్యార్థులు ఎముకను పెకలించకండి. ఆరు వైపుల నుంచి స్కేలు పెట్టి ఫొటోలు, జీపీఎస్, పొర ఫొటో తీసి జియాలజిస్టులకు చూపించండి. ఒకే జంతువు పూసలు వరుసలో ఉన్నాయంటే ఆ వరుసే అమూల్యం, ఒకటి లాగితే అది పోతుంది.

పోల్చి చూడటానికి ఎముకలు కావాలంటే, బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్, 1988లో పి. యాదగిరి పేరు పెట్టి వర్ణించింది. సముద్ర జంతువు కాకపోయినా, మెడ నుంచి తోక కొస దాకా పూస ఆకారం ఎలా మారుతుందో నడుచుకుంటూ చూడొచ్చు. నేను నోట్‌బుక్ పట్టుకుని మూడుసార్లు వెళ్లాను. నిజమైన తిమింగలం అస్థిపంజరానికి చెన్నై ఎగ్మోర్ మ్యూజియం దాకా వెళ్లాలి, రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు.

శిలాజమా, నిన్నటి ఎముకా

భీమిలి, శ్రీకాకుళం వైపు బీచ్‌లో పెద్ద పూస కనిపిస్తే చాలామంది కారులో వేసుకొస్తారు. దయచేసి అలా చేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తిమింగలాలు, డాల్ఫిన్లు, డుగాంగ్ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. కొత్త ఎముకను దగ్గర పెట్టుకోవడం నేరం. అటవీ శాఖకు చెప్పాలి. కొత్తది తేలిగ్గా, లేత రంగులో, నూనె వాసనతో ఉంటుంది. శిలాజం రాయిలా చల్లగా, గోటితో కొడితే కణకణమంటుంది. ఇంట్లో ఉన్న పాత ముక్క మీద ఇంకా అనుమానం ఉంటే, విరిగిన చోట ఎర్రగా కాల్చిన సూది మొన ఆనిస్తే కొత్త ఎముక వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు మెత్తటి టూత్‌బ్రష్, మామూలు నీళ్లు చాలు. యాసిడ్ వద్దు, ఉప్పుకాగితం అసలే వద్దు, ఊచల గాళ్లను మొదట తినేసేది అదే. విరిగితే అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురుతో అతికించండి, తర్వాత కావాలంటే విడదీయవచ్చు. ఫెవిక్విక్ పెడితే విడదీయడం కష్టం.

మా ఇంటి బీరువాలో పాత చీటీ తీసేసి కొత్తది పెట్టాను: "సైరేనియన్, ఛాతీ పూస. ప్రజాతి తేలలేదు. పీస్ రివర్, ఫ్లోరిడా, నది గులకల్లోంచి." పోయిన సంక్రాంతికి చెల్లెలు ఇంకొకటి తెచ్చింది, రెండు వేళ్ల వెడల్పు, చదును మొహాలు, బిళ్ళలు పూర్తిగా అతుక్కుని ఉన్నాయి, కమాను లేదు, అడుగున బొడిపెలు సగం అరిగిపోయాయి. దాని చీటీ మీద ఇప్పటికి పెన్సిల్‌తో "తోక పూస, డాల్ఫిన్?" అని ఉంది.